ముడి విప్పని బొంత

వల వరసగా రెండు రోజులు చిరిగితే సముద్రాన్ని ఎవరూ ఏమీ అనరు. ఒడ్డున నిలబడ్డ ఆడదాన్ని అంటారు. ఒడిశాలో తెలుగు జాలర్లుండే చమఖండి ఒడ్డున ఆ మంగళవారం ఆ మాట కన్నమ్మ మీద పడింది.

అందులోనూ ఎలాంటి కన్నమ్మ! ఆ ఒడ్డున చేపల వేలంపాట పాడేది ఆవిడే. పడవని ఇసుక మీదికి లాగి, వల దులిపి, చేపల్ని కుప్ప పోశారంటే చాలు, చెంగు బొడ్లో దోపుకుని కుప్ప పక్కన నిలబడేది. చెయ్యి పెట్టి ఒక కానాగంతని తిరగేసి, మొప్ప ఎత్తి చూసి, "ఒకటోసారీ..." అని గొంతెత్తితే సరుగుడు తోట అవతల సైకిలు మీద వస్తున్న బేరగాడు కూడా గబగబా తొక్కేవాడు. "రెండోసారీ..." దగ్గర ఆగి, చెయ్యి గాల్లో ఉంచి, నలుగురి మొహాల్లోకీ చూసేది. ఆ చూపుకి పాట పెంచనివాళ్లు అరుదు. "మూడోసారి!" అని అరచేతిలో అరచెయ్యి చరిచిందంటే ఇక కలెక్టరు దిగొచ్చినా ఆ కుప్ప చేయి మారదు. కోడలై వచ్చిన కొత్తలో పావని అత్త పాట వినడానికే ఖాళీ గంప ఒకటి వంకగా పట్టుకుని ఒడ్డుకు వచ్చేది.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. నెలసరిలో ఉన్న ఆడది పడవనీ వలనీ తాకకూడదు, సరుగుడు తోట దాటి ఇసుకలోకి రాకూడదు. ఎవరు ఏ రోజున ఎలా ఉన్నారో ఎవరికి తెలుస్తుంది గనక! అంతా ఆడవాళ్ల నోటి మీద నడిచే వ్యవహారం. చాలామంది మూడు రోజుల్ని ఒకటిన్నర చేసుకుని గడిపేసేవారు. కన్నమ్మ ఈ విషయంలో ధర్మరాజు చెల్లెలు. పోయిన వానాకాలం నుంచి ఆవిడ ఒంట్లో తేడా వచ్చింది. వచ్చింది పోదు, పోయింది చెప్పకుండా మళ్లీ వచ్చేస్తుంది. ఇంకొకర్తె అయితే గుట్టుగా సర్దుకుని పాటకి వచ్చేసేది. కన్నమ్మ మరక కనబడ్డ ప్రతిసారీ వెళ్లి తోటలో కూర్చునేది. నెలలో సగం రోజులు తోటలోనే కనబడేసరికి ఊరందరికీ ఆవిడ ఒంటి సంగతి తెలిసిపోయింది. దాచుకున్నవాళ్లు దర్జాగా తిరుగుతుంటే, దాచనిదాని మీద పడింది వల చిరిగిన నేరం. నిజం చెబితే నిష్ఠూరం అని ఊరికే అనలేదు.

ఆ రోజు ఆవిడ ఒళ్లు బాగానే ఉంది. పాటకి నిలబడింది కూడా. అప్పుడే తవిటమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. తవిటమ్మ, వల చిరిగిన పడవ యజమాని మసేను తల్లి. ఆ వీధి ఆడవాళ్లకి పోలీసు, జడ్జీ ఆవిడే.

"కన్నా, నిన్నేటీ అనను. నువ్వు దాసినదానివి కాదు," అంది. "కానీ ఇలా ఎన్నాల్లే? రోజు మాపుకి నీకెలాగుంటాదో నీకే తెల్దు. ఒల సూడు, ఎలా పోనాదో. సంచి తీయించీసుకో, పీడా పోతాది. నాను తీయించుకోనేదా? సచ్చిపోనానా?"

ఆ వీధిలో అది కొత్త మాట కాదు. గర్భసంచి తీసేయించుకున్న ఆడదానికి ఇక తోట లేదు. ఏ రోజైనా ఇసుక తొక్కవచ్చు, ఏ పడవ మీదైనా చెయ్యి వెయ్యవచ్చు. అందుకని కాస్త ఎక్కువ తక్కువ అయితే చాలు, ఒకరి వెనక ఒకరు వెళ్లి తీయించుకొచ్చారు. ముప్పయి నిండని వాళ్లు కూడా ఉన్నారు అందులో. వచ్చాక పెద్దవాళ్లు పొట్ట మీద మచ్చ చూసేవారు. మచ్చ చూస్తే నమ్మకం.

"తీయించుకొని రా. మచ్చ సూత్తాం. మర్నాటి నుంచి పాట మల్లీ నీదే. నేదంటే ఇంకో గొంతు సూసుకుంటాం," అంది తవిటమ్మ.

కన్నమ్మ మొగుడు కూర్మయ్య అదే పడవ మీద పనిచేస్తాడు. చిరిగిన వల ఒళ్లో పెట్టుకుని, కాలి బొటనవేలికి దారం చుట్టి, తల ఎత్తకుండా అల్లుతూ ఉండిపోయాడు. కన్నమ్మ చేతిలో ఉన్న చేపని మెల్లగా కుప్పలో పెట్టింది. చేతులు ఇసుకతో రుద్దుకుంది. "సరే పెద్దమ్మా," అని ఒక్క మాట అని ఇంటిదారి పట్టింది.

పావనికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో కొంత తన కోసం కూడా ఉంది. ఇవాళ అత్తకి, రేపు తనకి. "నువ్వేటి తప్పు సేసినావని ఊకున్నావత్తా?" అంది దారిలో.

"తప్పు సేసినోల్లకే శిచ్చ పడితే సముద్రంలో ఇంతమంది ఎందుకు పోతారే?" అంది కన్నమ్మ. మలుపు తిరుగుతూ, "నాకు పాట ఒదులుకోడం అవదే," అంది.

మర్నాడు ఇద్దరూ బెరంపురం వెళ్లారు. గేట్ బజార్ వెనక సందులో, బట్టల కొట్ల మూటలు దించే చోటు దాటాక, ఒక ట్రస్టు వాళ్ల చిన్న ఆసుపత్రి ఉంది. పావని ఎవరినో అడిగి తెలుసుకుంది. డాక్టరమ్మ మాట ఒడియా. అది కన్నమ్మకి తెలుగంత వచ్చు. కూర్చోకుండానే చెప్పేసింది, కొట్టులో సరుకు అడిగినట్టు.

"సంచి తీసియ్యాలమ్మా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "తీసెయ్యాలని ఎవరు చెప్పారు?"

"మా ఒడ్డు సెప్పినాది."

డాక్టరమ్మ నవ్వలేదు. పావనికి ఆవిడ మీద గౌరవం కలిగింది మొదట అక్కడే. ఎప్పటి నుంచి, ఎన్నాళ్లకి, ఎంత అని అడిగి, పరీక్ష చేసి, స్కానింగు చేయించి, తెర మీద బూడిదరంగు బొమ్మ చూపించింది. సంచి బాగానే ఉంది. లోపలి గోడకి మాత్రం రేగిపండంత కండ ఒకటి వేలాడుతోంది. దాన్ని పాలిప్ అంటారట. ఆగకుండా పోతున్నది దాని వల్లే అయి ఉంటుందట.

"దీనికి సంచి తియ్యక్కర్లేదు. అది పెద్ద ఆపరేషన్. అవసరమైన వాళ్లకి తీస్తాం, మీకు ఆ అవసరం కనబడటం లేదు. సన్నటి గొట్టానికి కెమెరా ఉంటుంది. కింద నుంచే లోపలికి పంపి, చూస్తూ, దీన్ని మాత్రం తీసేస్తాను. కోత లేదు, కుట్లు లేవు. తీసిన ముక్కని పరీక్షకి పంపుతాం. ఇలాంటివి చాలామటుకు మంచివే, కానీ పరీక్ష చెప్పేదాకా నేను మాటివ్వను. పొద్దున్న వస్తే మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోవచ్చు."

"నొప్పి?"

"ఉండదని చెప్పను. నెలసరి నొప్పిలా ఉంటుంది. కొన్ని నిమిషాలు గట్టిగానే ఉంటుంది. ఆపమంటే ఆపుతాను."

శుక్రవారం రమ్మంది. కొద్దిగా తిని, బయల్దేరే ముందు నొప్పి మాత్ర వేసుకుని, తోడు ఒకరిని తెచ్చుకోమంది. బస్సులో కన్నమ్మ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఛత్రపురం వస్తుండగా అంది: "కొయ్యకుండా ఏటి తీత్తాదే ఆవిడ? అయినా మద్దేన్నానికే పంపీడం అవదులే. నీ మొగుడు ప్రకాసుని కన్నప్పుడు కూడా రెండ్రోజులే అన్నారు. వారం దాటినా ఒదల్నేదు."

అదుగో, ఆ నమ్మకం లేకనే ఆపరేషన్‌కి వెళ్తున్నానని, ఎన్నాళ్లవుతుందో తెలియదని వీధిలో చెప్పింది. అలా వచ్చింది బొంత ఇంట్లోకి.

గురువారం సాయంత్రం తవిటమ్మే మోసుకొచ్చింది. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత అది. ఎప్పుడో తను సంచి తీయించుకోవడానికి వెళ్లినప్పుడు కుట్టుకుంది. ఆ తర్వాత ఆ వీధిలో ఎవరు ఆపరేషన్‌కి వెళ్లినా అదే వెంట వెళ్లేది. చుట్టగా చుట్టి, వల తాడుతో కట్టి ఉంది. తవిటమ్మది ఎడమచేతి వాటం. ఆవిడ వేసిన ముడిని వీధిలో ఎవరైనా పోల్చగలరు.

"దీని మీద తొంగున్నోల్లందరూ లేసొచ్చినారు," అంది తవిటమ్మ, బొంతని నిమురుతూ. "నువ్వూ వత్తావు. ఆస్పత్రి మంచం మీద ఉత్తినే తొంగోకు, ఇది పరుసుకో. ఇదిగో, పత్యానికి ఎండు సేప."

ఎండుచేపల పొట్లం పట్టుకుని ఆవిడ వెనక నిలబడింది కోడలు సరళ. మసేను పెళ్లాం. పావని కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. రెండో కాన్పు తర్వాత నెలనెలా ఒళ్లు తెల్లగా పాలిపోయేంత రక్తం పోతోంది దానికి.

"నెలాకరికి మా సరలని కూడా తీసికెల్లాల. మాటాడీసినాం. అంతలోగా బొంత తెచ్చీండి," అంది తవిటమ్మ. సరళ తన కాళ్ల వంక చూసుకుంటూ నిలబడింది. పొట్లం పావనికి అందిస్తూ, ఎవరికీ వినబడకుండా, "కన్నమ్మ వదినకి ఏటి సేత్తారో వచ్చినాక నాకు సెప్పవా?" అంది.

శుక్రవారం పొద్దున్న వీధిలో ఆటో తోలే పింటు బండిలో సామాను ఎక్కించేసరికి మనుషులకి చోటు లేకపోయింది. బొంత, బకెట్టు, క్యారేజీ, మరచెంబు, గంజికి గిన్నె, బియ్యం, ఎండుచేపలు. బొంతని ఒళ్లో పెట్టుకుని కన్నమ్మ, బకెట్టులో కాళ్లు పెట్టుకుని పావని. వీధి వీధంతా సాగనంపడానికి వచ్చింది. కూర్మయ్య ఆటో పక్కన నిలబడి ఏదో అనబోయి, "జాగర్త," అని బకెట్టు వంక చూస్తూ అన్నాడు.

ఆసుపత్రి గుమ్మంలో నర్సు ఆ సామానంతా చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇల్లు ఖాళీ చేసి వచ్చేశారా మావుసీ?" అంది, ఒడియాలో పిన్నీ అని పిలుస్తూ. తర్వాత చిన్న డబ్బా ఒకటి ఇచ్చి, కడుపు లేదని చూసుకోవాలి, మూత్రం పట్టి తెమ్మంది. "ఈ వయసులో నాకు కడుపేటే!" అని కన్నమ్మ పకపకా నవ్వింది. వచ్చిన భయంలో సగం ఆ నవ్వుతో పోయిందని పావని అనుకుంది. కానీ పోలేదు. లోపలికి పిలిచినప్పుడు చూసింది, అత్త చెంగు కొసని వేలికి చుట్టి విప్పుతోంది, చుట్టి విప్పుతోంది.

గది చిన్నది. మధ్యలో ఎత్తు బల్ల, కాళ్లు ఆనించడానికి రెండు దిమ్మలు, పక్కన తెర. పావనిని తల దగ్గర నిలబడనిచ్చారు. నూరుమంది మగవాళ్ల మధ్య నిలబడి గొంతెత్తే మనిషి, ఆకుపచ్చ గుడ్డ కింద కాళ్లు ఎడంగా పెట్టమనేసరికి కళ్లు గట్టిగా మూసేసుకుంది. కనుకొలకులోంచి నీళ్లు చెవిలోకి జారాయి. నర్సు ఆ గుడ్డని మోకాళ్ల దాకా మళ్లీ సర్ది, "ఇక్కడ అందరం ఆడవాళ్లమే మావుసీ," అంది.

డాక్టరమ్మ చేసే ప్రతి పనీ ముందుగా చెప్పి చేసింది. ఇప్పుడు నా చెయ్యి తగులుతుంది. ఇప్పుడు చల్లగా తగులుతుంది, నోరు తెరిచి గాలి వదలండి. ఇప్పుడు సూది, చీమ కుట్టినట్టుంటుంది. ఇప్పుడు నీళ్లు లోపలికి వెళ్తాయి, కింద తడి తగులుతుంది, కంగారు పడకండి, అవి నీళ్లే. మనిషి ఒంట్లోకి వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి పిలిచి మరీ వెళ్తోంది ఆవిడ. పావని ప్రసవాల గదుల్లో ఆడవాళ్ల మీద అరిచేవాళ్లనే చూసింది ఇంతకాలం.

తెర మీద గులాబీరంగు గది ఒకటి కనబడింది. ఆ గోడకి వేలాడుతూ, నీళ్లలో ఊగుతూ, చిన్న ఎర్రటి కండ.

అప్పుడు మొదలైంది అసలు నొప్పి. కన్నమ్మ పావని చెయ్యి పట్టుకుంది. వల తాళ్లు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి. ఎముకలు విరుగుతాయా అనిపించింది పావనికి. పళ్ల బిగువున, గొంతు లోలోపల, కన్నమ్మ మొదలుపెట్టింది.

"ఒకటోసారీ..."

నర్సు తలెత్తింది. "ఏం లెక్క పెడుతున్నారు?"

పావని ఒడియాలో చెప్పింది, చేపల వేలంపాట అని. మూడోసారి అంటే ఇక అయిపోయినట్టని. డాక్టరమ్మ తెర మీంచి చూపు తిప్పకుండానే నవ్వింది. "మంచిది. మూడోసారి మాత్రం నేను చెప్పాకే కొట్టండి మావుసీ. ఆపమంటారా?"

"ఆపొద్దు. రెండోసారీ..."

ఆ "రెండోసారీ" ఎంత సాగిందో పావని జన్మలో మరచిపోదు. నుదుటి మీద చెమట, బిగుసుకున్న దవడ, అయినా మనిషి కదల్లేదు. పడవ ఒడ్డుకి లాగేటప్పుడు అలకి ఎదురు నిలబడే మగవాళ్లని పావని చూసింది. వాళ్లు అరుస్తారు, తిట్టుకుంటారు. ఈవిడ కళ్లు మూసుకుని, చెయ్యి గాల్లో ఉంచినట్టుగా, ఆ ఒక్క మాటని పట్టుకుని వేలాడింది. తెర మీద చిన్న కత్తెర లాంటిది వచ్చింది. కండ గోడ నుంచి ఊడింది.

"సరిలా, మావుసీ. అయిపోయింది."

"మూడోసారి!" అని కన్నమ్మ కోడలి అరచేతిలో ఫట్టున చరిచింది. గదిలో అందరూ నవ్వారు. ఆవిడ కూడా ఏడుస్తూనే నవ్వింది.

తీసినదాన్ని చూపించమంది. నర్సు చిన్న సీసా పట్టుకొచ్చింది. కన్నమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి, వాటం మార్చి, చేప మొప్ప చూసినట్టు చూసింది. "ఇంతేనా! దీనికా నన్ను నెలల తరబడి తోటలో కూకోబెట్టినారు!"

లేవబోయేసరికి కళ్లు తిరిగాయి. మొహం పాలిపోయింది. పావని గబుక్కున భుజాలు పట్టుకుంది గానీ నర్సు కంగారు పడలేదు. మళ్లీ పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టి, కొందరికి ఇలా అవుతుంది, కాసేపట్లో సర్దుకుంటుంది అంది. అలాగే సర్దుకుంది. టీ, బ్రెడ్డు ఇచ్చారు. పొత్తికడుపులో నొప్పి మెలిపెడుతూనే ఉంది, మాత్రతో మెల్లగా దిగింది. కొన్ని రోజులు కొద్దికొద్దిగా మరక కనబడుతుంది, అది మామూలే అని డాక్టరమ్మ చెప్పింది. జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా, గుడ్డలు తడిసిపోయేలా పోయినా వెంటనే రావాలి. కొన్నాళ్లు మొగుడికి దూరంగా ఉండాలి, సముద్రంలో మునగకూడదు, బరువులెత్తకూడదు. "ఇక ఇంటికి వెళ్లండి," అంది.

"ఇంటికే?" అంది కన్నమ్మ. బొంత వంక చూసింది. బొంత వరండాలో గోడకి ఆనించి ఉంది, కట్టిన ముడి కట్టినట్టే.

వీధిలోకి ఆటో తిరిగేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. ఆడవాళ్లు గుమ్మాల్లో చేపలకి ఉప్పు పెడుతున్నారు. ముందు ఎవరో ఆటోని చూశారు, తర్వాత ఆటోలో బొంతని చూశారు. తవిటమ్మ కర్ర కూడా మరచిపోయి వచ్చింది. బొంతని రెండు చేతులా తడిమింది. తన ముడి. ఎడమచేతి ముడి. ఎవరూ విప్పలేదు.

"ఓలమ్మో! నా బొంత ముడి కూడా ఇప్పనేదే! మంచం కూడా ఎక్కించుకోనేదా నిన్ను! ఒదిలీసినారా తల్లీ!" అని గుండె మీద బాదుకుని శోకం అందుకుంది.

అంతే. వీధి మొత్తం అందుకుంది. డాక్టర్లు చేతులెత్తేసి పంపేశారని ఒకరు, లోపలంతా చెడిపోయి ఉంటుందని ఇంకొకరు. కూర్మయ్య ఇంట్లోంచి వచ్చి ఆ ఏడుపు విని గడప మీద కూలబడ్డాడు. కన్నమ్మ ఆటోలోంచి ఒక కాలు కింద పెట్టి, పొత్తికడుపు పట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది.

"నాను సావనేదే! అయిపోనాది! తీసీసినారు!" అని అరిచింది.

"ఏటి తీసినారు? సంచే?"

"సంచి కాదు. అందులో కండ."

శోకం ఆగింది గానీ ఎవరి మొహంలోనూ నమ్మకం లేదు. తవిటమ్మ ముక్కు చీది, పైనుంచి కిందకి చూసింది. "కొయ్యనేదు, కుట్టనేదు, పొద్దున్నెల్లి ఈయేలకి వచ్చీసినావు. ఇదేటి వైద్యమే? ఎవులో మోసం సేసినారు నిన్ను," అని బొంత చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. సరళ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎవరూ లేనప్పుడు పావని దగ్గరికి వచ్చి కూర్చుంది. పావని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది, చల్లగా తగలడం, సూది, నీళ్లు, తెర, ఒకటోసారి, రెండోసారి. సరళ రెప్ప వెయ్యకుండా విన్నది.

ఆ తర్వాత రోజులు కన్నమ్మకి గడవడం కష్టమైంది. మర్నాటికే లేచి తిరుగుతోంది, వంట చేస్తానంటుంది, పావని గిన్నె లాక్కుంటుంది. మరక రోజురోజుకీ పలచబడి, గోధుమరంగుకి తిరిగింది. ఒడ్డున ఇంకో ఆడది పాట పాడుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడు వినబడేది. "అది రెండోసారి కాడ ఆగడం నేదే. సేపని సంపేత్తంది," అని కన్నమ్మ అరుగు మీద కూర్చుని చేతులు నలుపుకునేది. కండ తీసేసినట్టు డాక్టరమ్మ కాయితం మీద రాసిచ్చిందిగా, ఒడ్డుకి వెళ్లిపోదాం అంది పావని. అత్త తల అడ్డంగా ఊపింది. "మరక కనబడతంది గదే ఇంకా." ఎవరు చూడొచ్చారు? ఎవరూ చూడరు. అయినా లేచి వెళ్లి, తోటలో తన చెట్టు కింద కూర్చుంది. ఆ కట్టుబాటు మీద పావనికి నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. కానీ ఎవరూ చూడని చోట కూడా మాట తప్పని ఆ మనిషికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

కొన్నాళ్లకి ఒళ్లు పూర్తిగా శుభ్రపడింది. ఆసుపత్రి నుంచి నర్సు ఫోను చేసి, ముక్క పరీక్షలో భయపడాల్సింది ఏమీ లేదని చెప్పింది. మర్నాడు పొద్దున్నే కన్నమ్మ తలంటుకుని, చెంగు బొడ్లో దోపి, తోట దాటి ఇసుకలోకి దిగింది. పావని గంప పట్టుకుని వెనకే వెళ్లింది. మసేను పడవ అప్పుడే ఒడ్డెక్కింది. కుప్ప పెద్దదే పడింది. బేరగాళ్లు మూగారు.

తవిటమ్మ కర్ర అడ్డం పెట్టింది. "మచ్చ సూడకుండా ఎలాగే?"

"మచ్చ నేదు పెద్దమ్మా."

"మరి?"

కన్నమ్మ కర్రని పక్కకి నెట్టలేదు. దాని ఇవతలే నిలబడింది. ఊపిరి పీల్చి, ఆ ఒడ్డు ఇన్ని రోజులు వినని గొంతుని ఎత్తింది.

"ఒకటోసారీ! అందరూ ఇనండి! కన్నమ్మ సంచి తియ్యనేదు! సంచి బాగున్నాది! అందులో రేగిపండంత కండ పట్టినాది. కింద నుంచి గొట్టమెట్టి, అది ఒకటే తీసినారు!"

మగవాళ్లు ఒక్కసారిగా సముద్రం వంక తిరిగిపోయారు. ఒకడు తాడు ముడి విప్పి మళ్లీ వేశాడు. ఆడవాళ్లు నోళ్లకి చెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"రెండోసారీ! ఒరే మసేనూ, ఇటు సూడు. కిందటేడు నీ పడవ ఏటిమొగలో నెలల తరబడి నీల్లలోనే ఉండిపోతే అడుగునంతా గుల్లలు పట్టినాయి. గుర్తుందా? నువ్వేటి సేసినావు?"

మసేను తల గోక్కున్నాడు. "గీకించినాను అప్పా." కన్నమ్మ తోడబుట్టకపోయినా, చిన్నప్పటి నుంచి అక్కని పిలిచినట్టే పిలుస్తాడు ఆవిడని.

"గీకించినావు. పడవ ఇరగ్గొట్టించినావా?"

ఎక్కడో ఒక ముసలి జాలరి గొంతులో నవ్వు గురగురలాడింది. కన్నమ్మ చెయ్యి గాల్లోకి లేచింది. లేచి ఆగింది. ఆ చూపు నలుగురి మొహాల మీద తిరిగింది, ఎప్పుడూ తిరిగేలాగే, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ.

"ముట్టుతో ఉన్న ఒక్క పూట కూడా నానీ ఇసక తొక్కనేదు. తొక్కినానన్నోలుంటే ముందుకొచ్చి సెప్పండి. నా ఒంటి మీద మచ్చ నేదు. నా మాట ఉంది. అదే మీకు సూపించగలను. ఎవులైనా ఉన్నారా?"

అల వచ్చి వెళ్లింది. ఎవరూ ముందుకు రాలేదు.

"మూడోసారి!"

అరచేతిలో అరచెయ్యి పడింది. అప్పుడు కదిలాడు కూర్మయ్య. ఇన్నాళ్లూ వల మీంచి తలెత్తని మనిషి, పడవలో మిగిలిన గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, అందరి ముందూ పెళ్లాం కాళ్ల దగ్గర చేపలు కుమ్మరించాడు. కుమ్మరించి ఆవిడ మొహంలోకి చూశాడు.

"పాట అందుకో అప్పా, ఎండెక్కుతంది," అన్నాడు మసేను.

తవిటమ్మ కర్ర ఎప్పుడు తీసిందో ఎవరూ గమనించలేదు. చూసేసరికి ఇంటివైపు నడిచి వెళ్తోంది, ఎవరితోనూ మాట్లాడకుండా.

రెండు రోజులు ఆవిడ ఒడ్డుకి రాలేదు. మూడోనాడు పొద్దున్న కన్నమ్మ పళ్లు తోముకుంటుంటే వచ్చింది. వెనక సరళ, తలదువ్వుకుని, కొత్త చీరలో. తవిటమ్మ చంకలో బొంత.

"నొప్పెడతాదే?" అంది, పలకరింపు లేకుండా.

కన్నమ్మ నోరు పుక్కిలించింది. "ఎడతాది. డాక్టరమ్మ అబద్దం సెప్పనేదు, నానూ సెప్పను. ఒకటోసారి, రెండోసారి... మూడోసారి అనేలోగా అయిపోతాది. కానీ సరలకున్నది నాకున్నదే అని ఎలాగనుకుంటావు? ముందు సూడనీ. తియ్యాలంటే ఆవిడే తియ్యాలంటాది. వద్దంటే వద్దంటాది. అది ఇన్నాక ఏటైనా సెయ్యండి."

"అందుకే తీసికెల్లమని వచ్చినాను. నెలాకరికి మాటాడింది వద్దని కబురెట్టీసినాను." తవిటమ్మ అరుగు అంచున కూర్చుంది. బొంత ఒళ్లో పెట్టుకుంది. "నాను ఎల్లినప్పుడు సరలంత ఉంటాను. ఒంట్లో ఏటుందో ఎవులూ సూడనేదు. ఏటి సేత్తారో ఎవులూ సెప్పనేదు. మా అత్త బస్సెక్కించి పంపీసినాది. ఒక్కదాన్నీ ఎల్లి దీని మీద తొంగున్నాను. ఒక్కదాన్నీ లేసొచ్చినాను. గుల్లలో, మరేటో... ఇప్పుడెవులికి తెలుసు?"

సరళ అత్త భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చేతిని తవిటమ్మ తోసెయ్యలేదు.

పింటు ఆటో వచ్చి హారను కొట్టింది. సరళ ఎక్కింది, తోడుగా పావని ఎక్కింది. తవిటమ్మ బొంతని లోపలికి తొయ్యబోయింది. కన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"బొంతెందుకు పెద్దమ్మా? సరలకి మంచమే ఉండదు. ఇయ్యాల సూపించుకొని సాయంకాలానికి వచ్చెత్తారు."

"దానికి కాదే, నాకు," అంది తవిటమ్మ, ఆటోలోకి కాలు పెడుతూ. "ఆ గుమ్మం కాడ పరుసుకొని కూకుంటాను. అది లోపలున్నంతసేపూ బైట ఎవులో ఒకలు ఉండాల."

ముడి ఆవిడే విప్పి, తాడు కన్నమ్మ చేతిలో పెట్టింది. పావని జరిగి చోటిచ్చింది. బొంత ముగ్గురి ఒళ్లోనూ పరుచుకుంది.